బండి అందుకుందని డబ్బాకి ఎలా తెలుస్తుంది?

(మిషిగన్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కాఫీ కప్పులు తెచ్చుకున్నా పర్వాలేదు.

నవంబరు వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. రిమోట్ స్టార్టర్, అంటే ఇంట్లోంచే బటన్ నొక్కి కారు ఇంజిన్ స్టార్ట్ చేసే డబ్బా, ఎక్కడ వేయించుకోవాలి, ఎంత తీసుకుంటారు, ఫోన్ యాప్‌తో పనిచేస్తుందా. వీటికి జవాబులు చెప్పేవాళ్ళు మీలోనే బోలెడుమంది ఉన్నారు. నేను మాట్లాడబోయేది ఎవరూ అడగని ప్రశ్న గురించి. ఇంజిన్ స్టార్ట్ అయిందో లేదో ఆ డబ్బా ఎలా కనిపెడుతుంది? మీరు అడగకపోతే షాపువాడు తనంతట తాను చెప్పడు. కానీ జనవరిలో మీ బండి సతాయిస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది.

మామూలుగా మనం తాళం తిప్పినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. సెల్ఫ్ కొడుతుంది, ఆ చప్పుడు చెవిన పడుతూ ఉంటుంది. ఇంజిన్ అందుకోగానే చప్పుడు మారుతుంది, చెయ్యి దానంతటదే తాళం వదిలేస్తుంది. చలికి కాస్త మొరాయిస్తే ఇంకో అర సెకను ఎక్కువ పట్టుకుంటాం. ఇదంతా ఆలోచించి చేసేది కాదు, అలవాటు. రిమోట్ స్టార్టర్‌కి చెవుల్లేవు. డాష్‌బోర్డు కింద చీకట్లో, నాలుగు వైర్ల మధ్య కూర్చున్న డబ్బా అది. మీరు ఇంట్లో దోసె వేసుకుంటూ బటన్ నొక్కితే, సెల్ఫ్‌ని ఎప్పుడు వదలాలో అది సొంతంగా తేల్చుకోవాలి. ఆ తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలపాటు ఇంజిన్ ఇంకా నడుస్తోందా, మధ్యలో ఆగిపోయిందా అన్నది కూడా అదే చూసుకోవాలి.

మొదటిది తప్పితే ఏమవుతుంది? ముందే వదిలేస్తే బండి అందుకోదు, మళ్ళీ కొట్టాలి. ఆలస్యంగా వదిలితే, అప్పటికే నడుస్తున్న ఇంజిన్ సెల్ఫ్ మోటార్ పళ్ళచక్రాన్ని తనే తిప్పేస్తుంది. కీచుమని ఒక చప్పుడు వస్తుంది, విన్నవాళ్ళకి తెలుసు. సెల్ఫ్‌లో దానికోసం ఒక క్లచ్ ఉంటుంది కాబట్టి ఒకటి రెండుసార్లకి ఏమీ కాదు. రోజూ అదే జరిగితే మాత్రం ఆ క్లచ్ అరిగిపోతుంది. రెండో విషయం తప్పితే ఇంకా చిరాకు. ఇంజిన్ ఆగిపోయినా నడుస్తోందనుకుని ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచేస్తుంది. బ్లోయరు, వెనక అద్దం డీఫ్రాస్టరు, సీటు హీటరు అన్నీ బ్యాటరీ మీద నడుస్తూ ఉంటాయి. మీరు బయటికొచ్చేసరికి కారు చల్లగా, బ్యాటరీ ఖాళీగా. లేదంటే దీనికి రివర్సు. ఇంజిన్ చక్కగా నడుస్తోంటే లేదనుకుని, బండి ఆపేస్తుంది.

సరే, ఆ డబ్బాకి సాక్ష్యం చెప్పేది ఎవరు?

తేలికైన పద్ధతి వోల్టేజి చూడటం. ఆగి ఉన్న కారులో మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు అది పది దగ్గరికి పడిపోతుంది. ఇంజిన్ నడిచి ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తోపాటు తిరిగి కరెంటు పుట్టించే యంత్రం, చార్జింగ్ మొదలుపెడితే 13.8, 14.4 అలా పైకి లేస్తుంది. స్టార్ట్ చేయకముందు ఎంత ఉందో గుర్తుపెట్టుకుని, సెల్ఫ్ కొట్టి, కాసేపాగి మళ్ళీ చూసుకుంటుంది డబ్బా. సుమారు అర వోల్టు పెరిగితే ఇంజిన్ నడుస్తున్నట్టే లెక్క. డబ్బాకి బ్యాటరీ వైరు ఎలాగూ ఉంటుంది కాబట్టి దీనికోసం ఇంకో వైరు లాగక్కర్లేదు. షాపువాడికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పని తగ్గుతుంది. వాడికి ఇది ఎందుకు ఇష్టమో అర్థమైంది కదా.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది, చాలామందికి తట్టదు. వోల్టేజి పద్ధతిలో సెల్ఫ్ ఎంతసేపు కొట్టాలన్నది డబ్బా చూసి నిర్ణయించదు. చాలా మోడళ్ళలో ముందే సెట్ చేసిన టైము ఉంటుంది, 0.8 సెకనో, ఒక సెకనో. వోల్టేజి చూసేది ఆ తర్వాత. మీ బండికి ఫిటింగు ఎక్కడ జరిగింది? హీటర్ ఉన్న షాపు లోపల, డెబ్భై డిగ్రీల ఫారన్‌హీట్‌లో. అక్కడ 0.8 సెకను బ్రహ్మాండంగా సరిపోతుంది. షాపువాడు మీ కళ్ళముందే మూడుసార్లు స్టార్ట్ చేసి చూపిస్తాడు, మీరు సంతోషంగా డబ్బులిచ్చి వస్తారు. జనవరిలో సున్నా ఫారన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ ఉన్న తెల్లవారుజామున ఆయిలు చిక్కబడి ఉంటుంది, బ్యాటరీలో సత్తువ ఉండదు. అదే ఇంజిన్‌కి రెండు సెకన్లు కావాలి. డబ్బా 0.8 దగ్గర వదిలేస్తుంది. చాలా డబ్బాలు రెండోసారి, మూడోసారి కూడా ప్రయత్నిస్తాయి కాబట్టి చివరికి బండి అందుకుంటుందేమో. ఈలోపు పాత బ్యాటరీ అయితే పని అయిపోతుంది.

ఇంకా పెద్ద చిక్కు ఆల్టర్నేటర్ తెలివితేటలతో వస్తుంది. ఒకప్పుడు ఇంజిన్ తిరిగితే చార్జింగు వచ్చి తీరేది. పెట్రోలు ఆదా కోసం కంపెనీలు ఆ పద్ధతి మార్చేశాయి. హోండా కార్లలో చాలా ఏళ్ళుగా రెండు స్థాయిల చార్జింగు ఉంది. లోడు, అంటే కరెంటు వాడకం, తక్కువుంటే 12.4 నుంచి 12.9 మధ్యే ఉంచుతుంది, ఎక్కువుంటే 14.4 దాటిస్తుంది. జీఎం, అంటే షెవర్లే (షెవీ) తయారుచేసే జనరల్ మోటార్స్, బళ్ళలో ఇంధనం ఆదా చేసే మోడ్‌లో ఉంటే 12.5 నుంచి 13.1 మధ్యకి దించేస్తుంది. ఇప్పుడు ఆ డబ్బా ఏం చేయాలి చెప్పండి? ఇంజిన్ నడుస్తోంటే 12.6, ఆగి ఉంటే కూడా 12.6. అర వోల్టు తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? స్టార్ట్ అయిన కాసేపటికి బండి దానంతటదే ఆగిపోతోందని ఫిర్యాదు చేసే హోండా, షెవీ ఓనర్లకి ముందు చూడమని నేను చెప్పేది ఇదే. ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోవచ్చు, ఆ డబ్బా నమ్మలేకపోతోంది, అంతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కాసేపు చార్జింగ్ అయిన బ్యాటరీ, ఇంజిన్ ఆగిపోయినా వెంటనే 12.5కి దిగిపోదు. పైపైన చార్జి మిగిలి ఉంటుంది, కొంతసేపు దాదాపు పదమూడు చూపిస్తుంది. అంటే ఇంజిన్ ఆగిన సంగతి డబ్బాకి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పెట్రోలు ఇంజిన్‌తోపాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. టొయోటా ప్రియస్‌లో ఇంజిన్ తిరగకపోయినా పెద్ద బ్యాటరీ నుంచి కన్వర్టర్ ద్వారా చిన్న బ్యాటరీకి పద్నాలుగు వోల్టుల దాకా వస్తూనే ఉంటుంది. అక్కడ ‘ఇంజిన్ నడుస్తోందా’ అన్న ప్రశ్నే తప్పు, ‘కారు రెడీలో ఉందా’ అని అడగాలి. ఆ సంగతి కారు కంప్యూటర్ తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

రెండో పద్ధతి ట్యాక్, అంటే ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో నేరుగా లెక్కపెట్టడం. వోల్టేజి చూడటం రోగి ముఖం చూసి జ్వరం ఉందో లేదో చెప్పడంలాంటిదైతే, ఇది నాడి పట్టుకుని చూడటం. నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్ళే వైరు, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌కి వెళ్ళే వైరు, కొన్ని బళ్ళలో ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్‌కి వెళ్ళే ట్యాక్ వైరు, వీటన్నిట్లోనూ ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పల్సులు వస్తుంటాయి. దాంట్లోంచి ఒక కొమ్మ తీసి డబ్బాకి ఇస్తారు.

ఈ పల్సుల లెక్క కొంచెం చూద్దాం, ఇంజినీర్లు ఎక్కువమందే ఉన్నారు కదా ఇక్కడ. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు ఇంజిన్ నిమిషానికి సుమారు రెండువందల చుట్లు తిరుగుతుంది. అందుకున్నాక ఎనిమిది వందలు, చలిలో అయితే పన్నెండు వందల పైనే. తేడా నాలుగు నుంచి ఆరు రెట్లు. అర వోల్టు కోసం వెతుక్కునే పని ఉండదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక ఇంజెక్టర్ రెండు చుట్లకి ఒకసారి పనిచేస్తుంది. కాబట్టి ఆ వైరులో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, నిమిషానికి నాలుగు వందల పల్సులు. అదే పాతకాలం డిస్ట్రిబ్యూటర్ ఉన్న నాలుగు సిలిండర్ల బండిలో ఒక్క కాయిలే అన్నిటికీ కొడుతుంది కాబట్టి, అదే వేగానికి పదహారు వందలు. డబ్బాకి మీ వైరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు కదా. అందుకే ఫిటింగు అయ్యాక ‘ట్యాక్ లెర్న్’ అని ఒక పని చేయాలి. తాళంతో బండి స్టార్ట్ చేసి, ఐడిల్ కుదుటపడ్డాక, ‘ఇదిగో, ఇంజిన్ నడవడం అంటే ఇంత’ అని డబ్బాకి నేర్పించాలి. ఇది మర్చిపోయేవాళ్ళున్నారు. ట్యాక్ వైరు కలిపి ఉంటుంది, డబ్బాకి దాని అర్థం తెలియదు. లేదా సరిగ్గా నేర్చుకోని డబ్బా సెల్ఫ్‌ని పట్టుకునే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అదే లెక్కలోంచి వస్తుంది. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు ఇంజెక్టర్ వైరులో నిమిషానికి వంద పల్సులే, అంటే 0.6 సెకనుకి ఒకటి. డబ్బాకి వార్త కాస్త నెమ్మదిగా అందుతుంది. కంప్యూటర్ ఇచ్చే ట్యాక్ వైరు దొరికితే దాంట్లో పల్సులు ఎక్కువ, సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది. నేనైతే ముందు దానికోసం వెతుకుతాను, ఇంజెక్టర్ దగ్గరికి చివర్లో వెళ్తాను.

సరైన వైరుని ఎలా కనిపెట్టాలి? మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టండి. డీసీలో కాదు. ఇంజిన్ నడుస్తుండగా నల్ల తీగ గ్రౌండ్‌కి, ఎర్ర తీగ ఆ వైరుకి. ఐడిల్‌లో ఒకటి నుంచి ఆరు వోల్టుల మధ్య ఏదో ఒకటి కనిపించి, యాక్సిలరేటర్ తొక్కితే పెరిగితే అదే. ఇంజెక్టర్ల దగ్గరైతే ఒక కిటుకు ఉంది. అన్నిటికీ ఒకే రంగు వైరు ఒకటి వస్తుంది, అది పన్నెండు వోల్టుల సరఫరా, దాని జోలికి వెళ్ళొద్దు. ఒక్కో ఇంజెక్టర్‌కి రంగు మారే రెండో వైరు ఉంటుంది చూడండి, మనకి కావాల్సింది అది. బల్బు ఉన్న టెస్ట్ లైటు మాత్రం ఈ వైర్ల మీద పెట్టొద్దు. ఆ బల్బు లాగే కరెంటు కంప్యూటర్‌కి చేటు తెస్తుంది. కలిపిన చోట సోల్డర్ చేసి మంచి టేపు చుట్టాలి, నొక్కి బిగించే టీ క్లిప్పులు వద్దు. ఉప్పు చల్లిన మన రోడ్ల మీద ఆ క్లిప్పులు రెండు శీతాకాలాలు ఆగితే గొప్ప. ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉన్న రేకు గోడని, అంటే ఫైర్‌వాల్‌ని, వైరు దాటేచోట రబ్బరు గ్రామెట్‌లోంచే రావాలి, రేకు అంచు మీద రాసుకోకూడదు.

(సభలోంచి: ఇప్పటి కార్లలో ఇంత పని అవసరమా?)

అక్కడికే వస్తున్నానండీ. చాలా బళ్ళకి అవసరం లేదు. అమెరికాలో 2008 మోడల్ నుంచి ప్రతి కారులో ఓబీడీ కనెక్టర్, అంటే మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్, దగ్గర క్యాన్ బస్ ఉండాలి. ఆరో పిన్ను, పద్నాలుగో పిన్ను. కారులోని కంప్యూటర్లు వాటిలో వాటికి మాట్లాడుకునే దారి అది, ఇంజిన్ వేగం కూడా దానిమీద వస్తుంది. ఫోర్టిన్, ఐడేటాలింక్‌లాంటి డేటా మాడ్యూళ్ళు ఆ మాటలు విని రిమోట్ స్టార్టర్‌కి ట్యాక్ సంగతి చేరవేస్తాయి. ఆ రెండు కంపెనీలూ మాంట్రియల్‌వే. చలి అంటే ఏంటో తెలిసినవాళ్ళు చేసిన సరుకన్నమాట. మీ బండి మోడలు, సంవత్సరం చూసి దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. హుడ్ (బానెట్) ఎత్తకుండానే ట్యాక్ వచ్చేస్తుంది. నా ఓటు దీనికే, ఒక షరతు మీద. మీ మోడల్‌కి ఆ మాడ్యూల్ ట్యాక్ ఇస్తుందో లేదో దాని ఇన్‌స్టాల్ గైడ్‌లో రాసి ఉంటుంది. డోర్లు తీస్తుంది, అసలు తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌ని దాటుతుంది, కానీ ట్యాక్ ఇవ్వదు అనే బళ్ళూ ఉన్నాయి. డేటా మాడ్యూల్ పెట్టాం కాబట్టి ట్యాక్ ఉన్నట్టే అని షాపువాడు అంటే, గైడ్ తీసి ఆ లైను చూపించమనండి.

వర్చువల్ ట్యాక్ అనే పేరు కూడా వింటారు, వైపర్ (Viper) అనే బ్రాండు డబ్బాల్లో ఉంటుంది. పేరులో ట్యాక్ ఉంది గానీ వైరు ఉండదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి ఎలా పడి లేస్తోందో మొదటి కొన్ని స్టార్టుల్లో నేర్చుకుని, దాన్నిబట్టి సెల్ఫ్ వదులుతుంది. ఉత్త వోల్టేజి పద్ధతికంటే చాలా మేలు. కాకపోతే ఇంజిన్ మరీ వేగంగా తిరిగితే ఆపేసే రక్షణ దీనితో రాదు, అది అసలు ట్యాక్‌తోనే సాధ్యం.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో సగం బాధ లేదు. సెల్ఫ్‌ని ఎప్పుడు వదలాలో కారే చూసుకుంటుంది, డబ్బా బ్రేకు తొక్కినట్టు, బటన్ నొక్కినట్టు నటిస్తుంది అంతే. ఇంజిన్ నిజంగా అందుకుందా అన్న రెండో సగం మాత్రం మిగిలే ఉంటుంది. కంపెనీ నుంచే రిమోట్ స్టార్ట్‌తో వచ్చే బండికి ఆ సగం కూడా లేదు, ఎందుకంటే స్టార్ట్ చేసేదీ ఇంజిన్ కంప్యూటరే, చూసేదీ అదే. 2004 షెవర్లే మాలిబులో జీఎం ఇచ్చింది. ఇప్పుడు మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌లో కూడా ఫోన్ నుంచి స్టార్ట్ చేసుకోవచ్చు, అక్కడ ఏసీ కోసం. అనంతపురం ఎండల్లో అదీ అవసరమే కదా. (నవ్వులు)

గేర్లు మార్చే మాన్యువల్ బండి ఎవరికైనా ఉందా? ఒక్కరేనా. మీకు గట్టిగా చెప్తాను. వోల్టేజి పద్ధతి మీకు వద్దే వద్దు. మాన్యువల్ బండిలో దిగేముందు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ నడుస్తుండగానే తాళం తీసి, దిగి తలుపు వేస్తేనే డబ్బా రేపటి స్టార్ట్‌కి ఒప్పుకుంటుంది. మధ్యలో తలుపు తెరిస్తే ఆ ఒప్పందం రద్దు. ఇదంతా గేరులో ఉన్న బండి సెల్ఫ్ కొట్టి ముందుకి దూకకుండా. ఇంజిన్ నడుస్తోందా లేదా అని ఊహించే డబ్బాని ఆ వరసలో నమ్మకూడదు. డీజిల్ పికప్ అయితే కాయిల్ ఉండదు, సిలిండర్లని వేడిచేసే గ్లో ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి, ట్యాక్ డేటా నుంచో, ఆల్టర్నేటర్ మీద వేగానికి తగ్గ పల్సులు ఇచ్చే డబ్ల్యూ టెర్మినల్ నుంచో తెచ్చుకోవాలి.

(సభలోంచి ఒకావిడ: గరాజ్‌లో ఉన్నప్పుడు వాడొచ్చా అన్నయ్యా?)

తలుపు మూసి ఉన్న గరాజ్‌లో అస్సలు వద్దమ్మా. ఇంటికి ఆనుకున్న గరాజ్ అయితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. తలుపు తెరిచి, బండి బయటికి తెచ్చి పెట్టుకోండి. గరాజ్‌లో పెట్టేవాళ్ళు జేబులో రిమోట్ పొరపాటున నొక్కుకోకుండా రెండుసార్లు నొక్కితేనే స్టార్ట్ అయ్యేట్టు పెట్టించుకోండి.

(సభలోంచి: ఇంటి ముందు డ్రైవ్‌వేలో స్టార్ట్ చేసి వదిలేస్తే పోలీసులు జరిమానా టికెట్ ఇస్తారట కదా?)

ఆ కథ మన పక్కనే, రోజ్‌విల్‌లో జరిగింది, 2017 జనవరిలో. ఒకాయన సొంత డ్రైవ్‌వేలో తాళం కారులోనే ఉంచి వేడెక్కనిచ్చాడు, 128 డాలర్ల టికెట్ ఇచ్చారు. పెద్ద గొడవ అయింది, ఆ ఏడాదే చట్టం మార్చారు. రిమోట్ స్టార్ట్‌లో తాళం కారులో ఉండదు, గేరు కదపాలంటే తాళం కావాలి. తాళం లేకుండా బ్రేకు తొక్కితే ఇంజిన్ ఆగిపోతుంది.

మూడు పరీక్షలు చేసి చూసుకోండి, మొదటి రెండూ బండి తీసుకొచ్చేముందు షాపులోనే. మొదటిది, రిమోట్ స్టార్ట్ మీద నడుస్తుండగా హుడ్ ఎత్తమనండి, వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే హుడ్ స్విచ్చి వేయలేదన్నమాట, రేపు మీ మెకానిక్ వేళ్ళు బెల్టులో పడతాయి. రెండోది, అదే నడుస్తుండగా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీయించండి. ఇంజిన్ తడబడి ఆగుతుంది. డబ్బా ఎన్ని సెకన్లలో గమనించిందో వాచీ పెట్టి చూడండి. ట్యాక్ ఉంటే దాదాపు వెంటనే పట్టేస్తుంది. ఉత్త వోల్టేజి అయితే లైట్లు, బ్లోయరు అలాగే వెలుగుతూ, తిరుగుతూ ఉండటం మీకే కనిపిస్తుంది. మూడోది, ఇంటికొచ్చాక బండిని ఒక రాత్రి బయట వదిలి, పొద్దున చల్లటి ఇంజిన్ మీద మీరే స్టార్ట్ చేసి చెవి పెట్టి వినండి. కీచుమన్నా, రెండోసారి కొట్టినా ఆ వారంలోనే వెనక్కి తీసుకెళ్ళండి, ఫిబ్రవరి దాకా ఆగొద్దు.

బిల్లు మీద ఏ పద్ధతిలో పెట్టారో రాయించుకోండి. ‘ట్యాక్, డేటా ద్వారా’ అనో, ‘ట్యాక్, వైరు’ అనో, ‘వోల్టేజి’ అనో ఒక్క ముక్క చాలు. వోల్టేజి అని రాస్తే ఎందుకని అడగండి. పదేళ్ళ పైబడిన టొయోటా, చార్జింగులో తెలివితేటలు లేని బండి, బ్యాటరీ కొత్తది, ఆటోమేటిక్ గేరు. అప్పుడు సరే, ఒప్పుకోవచ్చు. మీది హోండా అయితే ఒప్పుకోకండి.

ప్రశ్నలు ఇంకా ఉన్నాయి గానీ హాలు ఖాళీ చేయాలంటున్నారు. నా బండి బయట పార్కింగులో ఉంది, మల్టీమీటర్ కూడా తెచ్చాను. హుడ్ ఎత్తి ట్యాక్ వైరు ఎక్కడ కలిపానో చూపిస్తాను, మీరే రీడింగు తీసి చూసుకోవచ్చు. గ్లవ్స్ వేసుకుని రండి.